పిట్టగోడ మీది పాకురు ఎండకు ఎందుకు చావదు?

మే నెల రెండో వారం. వరంగల్ మట్టెవాడలో మా డాబా మీద పక్కింటావిడ కందిపప్పు ఎండబోసింది. పిట్టలు వాలకుండా చూడమని ఆరో తరగతి చదివే మనవరాలిని కాపలా పెట్టింది. ఆ పిల్ల నీళ్ళ ట్యాంకు నీడన కూర్చుని, ట్యాంకు పొంగినప్పుడు నీళ్ళు కారే చోటునే చూస్తూ ఉంది. అక్కడ పిట్టగోడ మీదుగా కింది దాకా జానెడు వెడల్పున నల్లటి చార ఉంది. వానకాలంలో అది పచ్చగా, జారుడుగా ఉంటుంది. ఎండాకాలం వస్తే మాడిన అట్టులా నల్లగా అంటుకుపోతుంది.

"తాతా, ఎండకు పెడితే పప్పుల పురుగు చస్తదని అమ్మమ్మ అన్నది. ఫిల్టర్ల లైటుకు నీళ్ళల్ల క్రిములు చస్తయని డబ్బా మీద రాసి ఉంది. ఎండల గూడ ఆ కిరణాలే ఉంటయని మా సారు చెప్పిండు. మరి ఈ పాకురు దినాం ఎండలనే ఉంటది గద, ఇదెందుకు చస్తలేదు?"

మంచి ప్రశ్న. అమ్మమ్మ చెప్పింది నిజం, డబ్బా మీద రాసింది నిజం, సారు చెప్పింది కూడా చాలావరకు నిజమే. మూడూ నిజమైతే పాకురు చావాలి. చావడం లేదంటే మధ్యలో మనకు తెలియంది ఏదో ఉంది. తొందరేం లేదు, పప్పు ఎండేదాకా కూర్చోవాల్సిందే కనుక మెల్లగా చూద్దాం.

ముందు ఆ నల్లటి చార ఏమిటో తెలియాలి. చాలామంది దాన్ని దుమ్ము అనుకుంటారు, రంగు పాడైందనుకుంటారు. నేను ఒక పాత బ్లేడుతో గోరంత చెక్కు గీకి గాజు పలక మీద వేశాను. ముట్టుకుంటే పెళుసుగా, మాడిన కాగితంలా ఉంది. దాని మీద రెండు చుక్కల నీళ్ళు వేసి కాసేపు ఆగమన్నాను. చెక్కు ఉబ్బింది, మెత్తబడింది, అంచుల్లో పచ్చదనం తేలింది. బడిలో ఉండే మామూలు సూక్ష్మదర్శిని కింద పెడితే ఇంకా బాగా కనపడుతుంది. సన్నటి దారాలు, ఒక్కో దారానికి తేనెరంగు గాజు గొట్టం తొడిగినట్టు ఒక ఒర, ఆ ఒర లోపల వరసగా పేర్చిన నీలిపచ్చ బిళ్ళలు. ఒక్కో బిళ్ళ ఒక్కో కణం. పాత పుస్తకాల్లో వీటిని నీలి ఆకుపచ్చ శైవలాలు అనేవారు. నిజానికి ఇవి బ్యాక్టీరియా, పేరు సయనోబ్యాక్టీరియా. చెట్ల ఆకుల్లాగే సూర్యకాంతితో తమ అన్నం తామే వండుకుంటాయి.

ఇవి మా పిట్టగోడకే పరిమితం కాదు. ఓరుగల్లు అన్న పేరే ఒంటి రాయి నుంచి వచ్చిందంటారు, మన చుట్టూ ఉన్నవన్నీ రాతి గుట్టలే. హన్మకొండ వైపు వెళ్ళేటప్పుడు గుట్టల బండల మీద పైనుంచి కిందికి సిరా ఒలికినట్టు నల్లటి చారలు చూసే ఉంటారు. వాన నీళ్ళు జారే దారుల్లో ఈ ప్రాణులు పరుచుకుని ఉండడం వల్లే ఆ చారలు. పైన నీడ లేదు, కింద మట్టి లేదు. ఏడాదిలో సగం రోజులు చుక్క నీరు లేదు.

ఇప్పుడు అమ్మమ్మ పప్పు సంగతి. పప్పులో పురుగు చచ్చేది కిరణాలకు కాదు, వేడికీ, తడి ఆరిపోవడానికీ. దానికి ఒంట్లో తడి పోతే బతుకు లేదు. పాకురు సంగతి వేరు. తడి పోగానే అది పనులన్నీ కట్టిపెట్టి నిద్రలోకి జారుకుంటుంది. ఆ నిద్రలో నెలలు, కొన్ని జాతులైతే ఏళ్ళు కూడా గడిపేస్తాయి. వేడి గొడవ అంతటితో తీరింది. అసలు చిక్కు కిరణాలతోనే.

ఇంద్రధనుస్సులో చివరి రంగు ఊదా. దాని అవతల కూడా వెలుగుంది, మన కంటికి ఆనదు అంతే. దాన్నే అతినీలలోహిత కిరణాలు (అల్ట్రావయొలెట్) అంటాం. వెలుగును దాని అల పొడవుతో కొలుస్తారు, కొలత పేరు నానోమీటరు, అంటే మీటరులో వంద కోట్లో వంతు. మన కంటికి కనపడే ఊదా దాదాపు 400 దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి అల ఎంత పొట్టిదైతే కిరణం అంత వాడిది. ఫిల్టరులోని దీపం 254 నానోమీటర్ల కిరణాన్ని చిమ్ముతుంది. మనకు కనిపించే నీలం మెరుపు క్రిముల్ని చంపేది కాదు, దానితోపాటు వచ్చే మామూలు వెలుగు. చంపేది కనపడదు.

సారు చెప్పింది "చాలావరకు" నిజం అన్నది ఇక్కడే. సూర్యుడి నుంచి ఆ 254 రకం కిరణాలు బయల్దేరతాయి గానీ మట్టెవాడ దాకా రావు. దారిలో, సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున, ఓజోన్ వాయువు వాటిని మింగేస్తుంది. 280 కన్నా పొట్టి కిరణాలు నేలకు చేరవు. 280 నుంచి 315 దాకా ఉన్నవి కొద్దిగా చేరతాయి, 315 నుంచి 400 దాకా ఉన్నవి బాగానే చేరతాయి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కిరణం ఓజోన్‌లో ప్రయాణం చేసే దూరం తక్కువ కనుక ఇంకా ఎక్కువ చేరతాయి. వరంగల్‌కు ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మొదటిది ఈ మే రెండో వారంలోనే, రెండోది జూలై చివర. ఆ మధ్యాహ్నం డాబా మీద కర్రను నిటారుగా నిలబెడితే నీడ పక్కకు పడదు. పాకురుకు అంతకన్నా గడ్డు ఘడియ ఉండదు.

అన్నట్టు, ఓజోన్ పొరల్లోకీ ఇంకా పైకీ పోతే ఏమవుతుందో మన హైదరాబాద్ నుంచే చూశారు. 2005 ఏప్రిల్ 20న టాటా పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్ ఎగరేసింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో గాలిని స్టీలు గొట్టాల్లో పట్టి తెచ్చారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో, పుణెలోని కణశాస్త్ర కేంద్రంలో ఆ గాలిని పరీక్షిస్తే 12 బ్యాక్టీరియా, 6 బూజు సమూహాలు మొలిచాయి. అందులో మూడు బ్యాక్టీరియా అంతకుముందు ఎవరూ చూడనివి. ఒకదానికి శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. నేల మీద ఉండే తమ దగ్గరి చుట్టాలకన్నా ఈ మూడూ అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకున్నాయి. అవి పాకురులా అన్నం వండుకునే రకం కాదు. అయినా, ఇంత చిన్న ప్రాణికి ఇంత ఓర్పు ఎలా వస్తుందన్న ప్రశ్న మాత్రం అదే.

కిరణం అసలు చేసే చెడుపేమిటి? పిల్ల బడి సంచి తెచ్చి ముందు పెట్టుకున్నాను. ప్రతి ప్రాణి కణంలోనూ డీఎన్ఏ అనే పొడుగాటి పోగు ఉంటుంది. దాన్ని మెలితిప్పిన జిప్పు అనుకోండి. రెండు వైపులా పళ్ళు, ఈ వైపు పన్నుకు ఆ వైపు పన్ను జోడీ. పళ్ళు నాలుగే రకాలు. ఏ, టీ, జీ, సీ. ఏకు టీ జోడీ, జీకి సీ జోడీ. ఏ పన్ను తర్వాత ఏ పన్ను ఉందన్న వరసలోనే ఆ ప్రాణి బతుకు రాసి ఉంటుంది. కణం రెండుగా చీలాలన్నా, ఒక పని చేయాలన్నా ఆ జిప్పును తెరిచి వరస చదవాలి.

అతినీలలోహిత కిరణం తగిలినప్పుడు, ఒకే వైపున పక్కపక్కన రెండు టీలు ఉంటే, అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ప్లాస్టిక్ జిప్పుకు అగరొత్తి అంటిస్తే రెండు పళ్ళు కరిగి ఒకటవుతాయే, అలాగన్నమాట. ఇక అవి ఎదుటి జోడీతో సరిగా కలవవు. చదువుతూ వచ్చే రన్నర్ అక్కడ ఇరుక్కుపోతుంది, లేదా గుడ్డిగా ఏదో ఒక పన్ను పెట్టి ముందుకు పోతుంది. ఇరుక్కుంటే చావు, తప్పు పన్ను పెడితే వరస మారిపోతుంది. ఫిల్టరు దీపం చేసేది ఇదే. డీఎన్ఏ అన్నిటికన్నా బాగా పీల్చుకునేది 260 నానోమీటర్ల దగ్గరి కిరణాన్ని, దీపం ఇచ్చేది 254. గురి చూసి కొట్టినట్టే. ఎండలో వచ్చే కిరణాల గురి అంత సూటిగా ఉండదు గానీ, రోజంతా కొడుతూనే ఉంటాయి.

పురుగైతే నీడకు పాకుతుంది, మనిషైతే గొడుగు పడతాడు. పాకురు కదలలేదు. పైగా దానికి అన్నం పెట్టేది ఎండే. కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేసే మనిషి సెగ తగులుతోందని పొయ్యి ఆర్పుకోలేదు కదా. కనుక కూర్చున్న చోటే ఏదో ఒక ఉపాయం చేసుకోవాలి.

మొదటి ఉపాయం ఆ తేనెరంగు ఒర. అందులో సైటోనెమిన్ అనే రంగు పదార్థం ఉంది. సైటోనెమా అన్న పాకురు పేరు మీద వచ్చిన పేరు అది. గ్రీకులో ఆ మాటకు తోలు దారమని అర్థం, చూసినవాడెవరో సరిగ్గానే పెట్టాడు. ఈ రంగును 1849లోనే నేగెలి అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త గుర్తించి రాశాడు, దాని నిర్మాణం తేలింది మాత్రం 1993లో. 315 నుంచి 400 మధ్య కిరణాల్లో చాలా భాగాన్ని ఇది ఒర దగ్గరే ఆపేస్తుంది. ఎర్రటి వెలుగును మాత్రం లోపలికి పోనిస్తుంది, వంటకు అది చాలు. మనకు గోడ మీద నలుపుగా కనిపించేది ఈ రంగే. ట్యాంకు వెనక వైపు, ఎండ పడని మూలన చూడమంటే పిల్ల వెళ్ళి చూసి వచ్చింది. "అక్కడ పచ్చగనే ఉంది తాతా." అవును, ఎండ తగిలితేనే ఈ రంగు తయారవుతుంది. నీడలో ఉన్నదానికి గొడుగు ఖర్చెందుకు?

దీనికి తోడు, రంగు లేని మరికొన్ని పదార్థాలు 310 నుంచి 360 మధ్య కిరణాల పని చూస్తాయి. ఇంకోటి, పాకురు ఒంటరిగా ఉండదు. కొత్తవాడ జంపఖానాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. పైపొర ఎండకు మాడినా కింది పొర పచ్చగా ఉంటుంది. మనం గీకిన చెక్కు అంచుల్లో తేలిన పచ్చదనం అదే.

రెండో ఉపాయం కణం లోపల ఉంది. వెలుగు ఎక్కువైనప్పుడు పత్రహరితం మిగులు శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అంటిస్తుంది, ఆ ఆక్సిజన్ కనపడ్డదల్లా కాల్చేస్తుంది. దాన్ని చల్లార్చేవి కెరోటినాయిడ్లు, గాజర్‌గడ్డకు రంగిచ్చే ఇంటి పేరు వాళ్ళే. ఈ సంగతి బయటపెట్టింది కూడా కిరణజన్య బ్యాక్టీరియానే. చెరువుల అడుగు బురదలో గాలి లేకుండా బతికే ఊదారంగు బ్యాక్టీరియా ఒకటుంది, రోడోబ్యాక్టర్ స్ఫెరాయిడిస్. 1955లో అమెరికాలో స్టేనియర్ బృందం రంగు కెరోటినాయిడ్లు పోయిన దాని రకాన్ని పరీక్షించింది. చీకట్లో గాలి ఇస్తే బాగానే ఉంది, గాలి లేకుండా వెలుగు ఇచ్చినా బాగానే ఉంది. వెలుగూ గాలీ కలిపి ఇవ్వగానే చచ్చిపోయింది. అన్నం పెట్టే వెలుగే ప్రాణం తీస్తుందని ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు తక్కువ. ఈ ఊదా బ్యాక్టీరియా జాతుల్ని మన దేశపు నేలల్లో, నీళ్ళల్లో వెతికి, కొత్తవాటికి పేర్లు పెట్టిన పనిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ శాస్త్రవేత్తలది పెద్ద చెయ్యి.

ఇంత చేసినా కొన్ని కిరణాలు లోపలికి దూరతాయి. పళ్ళు అతుక్కుంటాయి. అప్పుడేం చేస్తుంది? నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆల్బర్ట్ కెల్నర్ అనే ఆయన, క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ మందునిచ్చే బ్యాక్టీరియా మీద అతినీలలోహిత కిరణాలు పడేసి, ఎన్ని చస్తాయో, ఎన్ని బతుకుతాయో లెక్క కడుతున్నాడు. లెక్క కుదరలేదు. ఒకే మోతాదు కిరణాలు ఇచ్చినా ఒకసారి దాదాపు అన్నీ చస్తాయి, ఇంకోసారి చచ్చిపోవాల్సినవి గుంపులు గుంపులుగా లేచి కూర్చుంటాయి. వేడి తేడా అనుకుని వేడి సరిచేశాడు, అయినా తీరు మారలేదు. చివరికి ఆయన కన్ను కిటికీ మీద పడింది. సీసాలు పెట్టిన గాజు తొట్టి ఉన్నది కిటికీ ఎదురుగా. వెలుగు తగిలిన సీసాల్లోవి బతుకుతున్నాయి, చీకట్లోవి చస్తున్నాయి. 1949లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. కిరణం చంపినదాన్ని మామూలు వెలుగు లేపుతోంది!

మంత్రమేమీ లేదు. ఆ కణాల్లో ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది జిప్పు పొడుగునా తడుముకుంటూ పోయి, అతుక్కున్న పళ్ళ జత దగ్గర ఆగుతుంది. ఆ జతను బయటికి తిప్పి తన గుప్పిట్లో పట్టుకుంటుంది. ఆపైన ఎదురుచూస్తుంది, దేనికోసమంటే నీలం వెలుగు కోసం. దాని ఒంట్లో ఒక చిన్న యాంటెనా ఉంది, అది నీలం వెలుగును పట్టి పక్కనున్న ఎఫ్ఏడీ అనే పదార్థానికి అందిస్తుంది. ఎఫ్ఏడీ ఒక ఎలక్ట్రాన్‌ను అతుకు మీదికి విసురుతుంది. అతుకు విడిపోతుంది, ఎలక్ట్రాన్ తిరిగి ఇంటికి వస్తుంది. ఈ తతంగమంతా సెకనులో వంద కోట్లో వంతు అటూఇటుగా. ఒక్క పన్ను కూడా కోయలేదు, పారేయలేదు. జిప్పు ముందెలా ఉందో అలాగే ఉంది.

ఎఫ్ఏడీ తయారయ్యేది విటమిన్ బీ2 నుంచి. బీకాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం పసుపుపచ్చగా రావడానికి కారణం ఆ బీ2నే అనగానే పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇక ఆ యాంటెనా, మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలో ఫోలిక్ ఆమ్లపు చుట్టం. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే ఆ ఇంటి పెద్ద. సయనోబ్యాక్టీరియాలో యాంటెనా వేరే పదార్థం, పని అదే. ఫోటోలయేజ్ జన్యువును 1978లో విడదీసి పట్టిన అజీజ్ సంజార్, తుర్కియేలో పల్లెటూరి వైద్యం చేసి తర్వాత పరిశోధనకు వచ్చిన మనిషి. డీఎన్ఏ మరమ్మతు మీద పనికి 2015లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకడు.

వెలుగు లేనప్పుడు? రాత్రి కూడా పాకురుకు పని ఉంటుంది. అప్పుడు కోసి కుట్టే పద్ధతి. కొన్ని ప్రొటీన్లు కలిసి అతుకుకు అటూ ఇటూ కోసి, ఆ వైపున ఓ పన్నెండు పదమూడు పళ్ళ ముక్కను తీసి పారేస్తాయి. ఎదుటి వైపు పళ్ళు చూసి, ఏకు టీ, జీకి సీ పెట్టుకుంటూ కొత్త ముక్క కుడతాయి. ఇది ఖర్చుతో కూడిన పని, అయినా నమ్మకమైనది. రెండు వైపులా ఒకేచోట పాడైతేనో? దానికీ ఒక దారి ఉంది. చాలా సయనోబ్యాక్టీరియాలో డీఎన్ఏ ఒకే ప్రతి ఉండదు. 1996లో జపాన్‌లో పూర్తి వరస చదివిన సినెకోసిస్టిస్‌లో పది పన్నెండు ప్రతులు ఉంటాయి. పొలం పట్టా కాగితం ఒకటి చినిగితే జిరాక్సు చూసి రాసుకున్నట్టు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఆ పిల్లే పట్టుకుంది. "ఎండాకాలం అది నిద్రపోతదంటివి గద. మరి నిద్రల ఎట్ల కుడతది?"

కుట్టదు. తడి లేనిదే ఏ ఎంజైమూ కదలదు. మే నెలంతా పళ్ళు అతుక్కుంటూనే ఉంటాయి, బాగుచేసే చెయ్యి లేదు. ఆ నాళ్ళలో కాపాడేది ఆ నల్లటి ఒర ఒక్కటే. దానికి తడి అక్కర్లేదు, అన్నం అక్కర్లేదు, తలుపు మీది పరదాలా వేలాడుతూ ఉంటే చాలు. నీళ్ళు తగిలిన క్షణం నుంచి మరమ్మతు మొదలవుతుంది, ఎండలో అతుక్కున్నవాటిని ఆ ఎండ వెలుగుతోనే విడదీసుకుంటూ. తడి ఉన్నప్పుడు సూది దారం, తడి లేనప్పుడు గొడుగు. రెంటిలో ఏది లేకపోయినా ఈ చార ఇక్కడ ఉండేది కాదు.

ఈ తెలివి వాటికి ఇవాళ వచ్చింది కాదు. సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది. దాన్ని వదిలింది ఈ సయనోబ్యాక్టీరియా పూర్వీకులే. అంతకుముందు ఆక్సిజన్ లేదు కనుక ఓజోన్ లేదు, ఫిల్టరు దీపంలాంటి కిరణాలు నేల దాకా వచ్చేవి. ఆ కాలంలో బతికి బయటపడ్డవాటి సంతతికి మే నెల మట్టెవాడ ఒక లెక్కా?

"మనకు గూడ ఆ ఫోటో... అది ఉంటదా తాతా?" లేదు. కప్పకు ఉంది, చేపకు ఉంది, చివరికి కంగారూకు కూడా ఉంది. మనుషులం, ఆవులు, ఎలుకలు, గర్భంలో మాయ ద్వారా పిల్లల్ని పెంచే జంతువులన్నీ ఎక్కడో దారిలో దాన్ని పోగొట్టుకున్నాయి. మనకు మిగిలింది కోసి కుట్టే పద్ధతే. అది కూడా పుట్టుకతోనే లేని పిల్లలు అరుదుగా ఉంటారు. వాళ్ళకు పగలు బయటికి వస్తేనే చర్మం కమిలిపోతుంది, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. మిగతావాళ్ళం రోజూ ఎండలో తిరిగి రాత్రికి తెలియకుండానే కుట్టించుకుంటున్నాం.

అప్పటికి పప్పు ఎండింది. పురుగులు చాప అంచులు దాటి నీడకు పారిపోతున్నాయి.

మృగశిర రోజు సాయంత్రం వాన పడింది. తెల్లారి చూస్తే చార అంతా పచ్చబడి, వేలు పెడితే జారుతోంది. పక్కింటావిడ బ్లీచింగ్ పౌడరు డబ్బా, కొబ్బరిపీచు బ్రష్షు పట్టుకుని వచ్చింది. డాబా మీద జారిపడి తుంటి విరిగితే ఎవరు చూస్తారని ఆమె భయం, అదీ నిజమే. నడిచే చోటంతా రుద్ది కడిగింది. ట్యాంకు కింద జానెడు మేర మాత్రం మనవరాలు అడ్డంగా కూర్చుంది, దాన్ని ముట్టనివ్వలేదు.